కాలాపానీలో మా ఊరి గైడు

నీలి సముద్రం... తెల్లటి ఇసుక... గాలికి తలలూపే కొబ్బరి చెట్లు... వాటి మధ్యనుంచి కొంగు ఎగరేసుకుంటూ హీరోయిన్, ఆమె వెనకాలే తెల్ల ప్యాంటూ తెల్ల బూట్లతో హీరో! ఈ పాట ఏ సినిమాలోదని అడిగితే మీరు పాతిక పేర్లు చెబుతారు. ఏ దీవిలో తీశారని అడిగితే మాత్రం బుర్ర గోక్కుంటారు. మన సినిమా వాళ్ళకి దీవి అంటే ఊరూ పేరూ అక్కర్లేని చోటు. అక్కడ ఎవరూ కాపురం ఉండరు. ఎవరికీ ఆకలెయ్యదు. ఎండ ఉంటుంది గానీ చెమట పట్టదు. పాట అయిపోగానే దీవి కూడా అయిపోతుంది.

దీవి పేరుని ఏకంగా టైటిల్‌కే ఎక్కించిన సినిమా ఒకటుంది. 1979లో వచ్చిన ‘అండమాన్ అమ్మాయి’. అక్కినేని నాగేశ్వరరావు, వాణిశ్రీ జంట. దర్శకుడు వి. మధుసూదనరావు, సంగీతం కె.వి. మహదేవన్. అంతకు ముందు ఏడాది తమిళంలో శివాజీ గణేశన్, సుజాత నటించిన ‘అందమాన్ కాదలి’కి ఇది తెలుగు రూపం. దీవిలో మనువాడిన అమ్మాయిని వదిలి వెళ్ళిన మనిషి, ఏళ్ళు గడిచాక ఆమెను వెతుక్కుంటూ మళ్ళీ అదే దీవికి వస్తాడు. స్థూలంగా అదీ కథ. మీలో చాలామంది పుట్టకముందు సంగతి. కావాలంటే ఇంట్లో అమ్మమ్మ నడగండి. వాణిశ్రీ కొప్పు గురించే అరగంట చెబుతుంది!

నాలుగున్నర దశాబ్దాల కిందటి సినిమా ఇప్పుడెందుకంటారా? ఆ సినిమా ఒక మనిషి జీవితాన్ని సముద్రం దాటించింది. ఆ సంగతి నాకు తెలిసింది కూడా ఆ సముద్రం మధ్యనే. వరసలో చెబుతాను.

*ఒక్కడికే ఒక గైడు*

ఇంతకీ నాది మందస. శ్రీకాకుళం జిల్లాలో పలాస దాటాక వస్తుంది. ఒక పక్క మహేంద్రగిరి కొండ, ఇంకో పక్క కాస్త దూరంలో బంగాళాఖాతం. మధ్యలో జీడి తోటలూ, కొబ్బరి తోటలూ. కోవా అంటే మాదే కోవా. ఈ సముద్రానికి ఆ ఒడ్డున ఏముందో చూడాలని చిన్నప్పటి నుంచీ ఉండేది. ఒక పత్రికవాళ్ళు అండమాన్ మీద రాయమని అడిగేసరికి ఎగిరి గంతేశాను.

వెళ్ళే దారి గురించి రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. చెన్నై, కోల్‌కతాల నుంచి విమానాలున్నాయి. చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నాల నుంచి ఓడలు కూడా వెళతాయి. విశాఖ ఓడ తరచుగా ఉండదు, తేదీ చూసుకుని వెళ్ళాలి. ఓడెక్కితే రెండు పగళ్ళూ రెండు రాత్రుళ్ళూ దాటి నీళ్ళ మీదే ఉంటారు. మొన్నమొన్నటి దాకా పోర్ట్ బ్లెయిర్ అన్న ఊరికి 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. ఆటోవాళ్ళు మాత్రం ఇంకా బ్లెయిర్ అనే అంటున్నారు!

నేను చూడాలనుకున్నది రాస్ దీవి. దీనికి కూడా 2018 డిసెంబరు 30న పేరు మారింది. ఇప్పుడు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం. ఊళ్ళోని జెట్టీ నుంచి బోటులో పది, పదిహేను నిమిషాలు. టూరిస్టు బోట్లలో పదిమందితో కలిసి వెళితే చవకే. కానీ చేతి గడియారం చూసుకుంటూ పరిగెత్తాలి. ఫొటో తీసుకునే లోపు ‘చలో చలో’ అంటారు. అందుకని లాడ్జి మేనేజరు ద్వారా నా ఒక్కడికే ఒక గైడునీ, ఒక చిన్న బోటునీ రోజంతటికీ మాట్లాడుకున్నాను. ఖర్చు ఎక్కువే. మీరు నలుగురు స్నేహితులు కలిసి వెళితే అంత బరువనిపించదు. బేరమాడేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి... బోటు, ప్రవేశ రుసుము, భోజనం, ఇవన్నీ కలిపి చెప్పిన ధరా, విడివిడిగానా అని ముందే తేల్చుకోవాలి. ఒడ్డు దాటాక బేరం కుదరదు.

గైడు ఫోన్లో హిందీలోనే మాట్లాడాడు. ‘సుబహ్ ఛే బజే, జెట్టీ’ అన్నాడు. ఆరింటికే ఏమిటయ్యా అంటే నవ్వాడు. అక్కడ తెల్లవారుజామున ఐదింటికే వెలుగొచ్చేస్తుంది. సాయంత్రం ఐదున్నర అయ్యేసరికి చీకటి. గడియారం ఢిల్లీది, సూర్యుడు మాత్రం బర్మా పక్కవాడు!

*“ఏటి బావూ, ఉద్దానమా?”*

జెట్టీ దగ్గర నిలబడి ఇంటికి ఫోన్ చేశాను. మా అమ్మ పరామర్శ మీకు తెలిసిందేగా. తిన్నావా, నిద్రపోయావా, నీళ్ళలో దిగకు... ఆవిడతో మాట్లాడేటప్పుడు నా పత్రిక తెలుగు ఎటు పోతుందో పోతుంది. “ఏటీ నేదమ్మా, బాగానే ఉన్నాను” అని పెట్టేసి వెనక్కి తిరిగితే, నలభై ఏళ్ళ మనిషొకడు నీలం టీషర్టులో, మెడలో ఐడెంటిటీ కార్డుతో నన్నే చూస్తున్నాడు.

“ఏటి బావూ, మీది ఉద్దానమా?”

సముద్రం మధ్యలో ఎవరో మా ఇంటి తలుపు తట్టినట్టయింది. “మందస” అన్నాను.

“అలగా సెప్పండి మరి! నాను నిన్న హిందీలో సంపీసినాను మిమ్మల్ని.”

అతని తల్లీతండ్రీ ఇద్దరిదీ మందస దగ్గరి పల్లెలే. అతను పుట్టింది, పెరిగింది, తెలుగు మీడియంలో చదివింది అంతా అండమాన్‌లోనే. ఆశ్చర్యపోకండి, అక్కడ తెలుగు మీడియం బడి ఉంది. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లోని జనంలో దాదాపు 13 శాతం తమ మాతృభాష తెలుగు అని రాయించుకున్నారు. వాళ్ళలో ఎక్కువమంది మన శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి పోయినవాళ్ళు. వేటకి పోయినవాళ్ళు, తాపీ పనికి పోయినవాళ్ళు, రేవులో మూటలు మోయడానికి పోయినవాళ్ళు. బజారుకెళ్ళి చేపల బేరం ఆడితే సగం మాటలు మనవే వినిపిస్తాయి.

తమాషా ఏమిటంటే, అతని మాట మా ఊళ్ళో కుర్రాళ్ళ మాట కంటే పాతది. “ఒగ్గీయండి”, “అలగలగ”, “ఎల్లిపోనాది”... మా తాత నోటి నుంచి విన్న మాటలు! టీవీలొచ్చి ఇక్కడ మనం కొంత పోగొట్టుకున్నాం. వాళ్ళ నాన్న ఓడ ఎక్కించి తీసుకుపోయినవి అక్కడ చెక్కు చెదరకుండా ఉన్నాయి. అతని పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయడం లేదు. నేను అన్నా అన్నాను, అతను బావూ అన్నాడు. మీరు కూడా గైడన్న అనుకోండి.

*వేళ్ళు మింగిన బంగళాలు*

రాస్ దీవి చిన్నది. నడిచి ఒక పూటలో చుట్టి రావచ్చు. నడవలేని వాళ్ళకి బ్యాటరీ బళ్ళు ఉన్నాయి. కానీ ఈ గుప్పెడు నేల మీద నుంచే తెల్లదొరలు 1858 నుంచి 1941 దాకా మొత్తం అండమాన్‌ని ఏలారు.

దిగగానే జింకలు ఎదురొచ్చాయి. దొరలు వేటకోసం తెచ్చి పెంచిన చుక్కల జింకల సంతానమట. కొబ్బరి బొండాం కొట్టే చోట నిలబడి, తాగి పారేసిన బొండాల్లో లేత కొబ్బరికి మూతులు పెడుతున్నాయి. నెమళ్ళు సరేసరి. సినిమా డైరెక్టరు చూస్తే ఇక్కడికిక్కడే డ్యూయెట్ మొదలుపెట్టేస్తాడు.

ఆ పక్కనే రొట్టెల బేకరీ, ఇటు చర్చి, అటు క్లబ్బు, పైన చీఫ్ కమిషనర్ గారి బంగళా. ఉన్నాయంటే ఉన్నాయి... గోడలుగా ఉన్నాయి. కప్పులు పోయాయి. మర్రి జాతి చెట్ల వేళ్ళు ఆ గోడల్ని పట్టుకుని, కిటికీల్లోంచి లోపలికి దిగి, గుమ్మాల్లోంచి బయటికొచ్చి, మళ్ళీ నేలలోకి పోయాయి. కొన్ని చోట్ల ఇటుక కనిపించదు, ఇటుక ఆకారంలో వేరు కనిపిస్తుంది. ఆర్ట్ డైరెక్టరు ఎంత ఖర్చు పెట్టినా ఇలాంటి సెట్ వెయ్యలేడని నేను అంటే గైడన్న ఒప్పుకోలేదు.

“మోహన్‌లాల్ సినిమాకి జైలు సెట్టే ఏసినారు బావూ. అసలుదీ నకిలీదీ తెల్దు.”

నిజమే. ప్రియదర్శన్ తీసిన ‘కాలాపానీ’ (1996) కోసం కళాదర్శకుడు సాబు సిరిల్ జైలుని పునఃసృష్టి చేశాడు. మోహన్‌లాల్, ప్రభు, టాబు నటించిన ఆ మలయాళ చిత్రం తెలుగులోకి కూడా వచ్చింది.

గైడన్నకి ఒక అలవాటుంది. టూరిస్టులకి అప్పజెప్పే పాఠం హిందీలో చెబుతాడు. తన సొంత మాట వచ్చేసరికి తెలుగులోకి దిగుతాడు. “సన్ ఉన్నీస్ సౌ ఇక్తాలీస్, ఛబ్బీస్ జూన్, భూకంప్...” అని గడగడా చదివాడు. అంటే 1941 జూన్ 26న పెద్ద భూకంపం. దీవి దెబ్బతింది. దొరలు కచేరీలు ఎత్తేసి అవతలి ఒడ్డుకి మారారు. మరుసటి ఏడాది మార్చిలో జపానువాళ్ళు దిగారు. 1945 అక్టోబరు దాకా వాళ్ళదే రాజ్యం. వాళ్ళు కట్టుకున్న బంకర్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ మధ్యలోనే 1943 డిసెంబరు 30న నేతాజీ వచ్చి పోర్ట్ బ్లెయిర్‌లో జాతీయ జెండా ఎగరేశాడు. దీవి పేరు మారిన తేదీ అందుకే డిసెంబరు 30. పాఠం అక్కడితో అయింది.

తర్వాత కమిషనర్ గారి బంగళా మెట్ల మీద కూర్చుని తెలుగులో అన్నాడు. “ఇక్కడ దొరసాన్లు డాన్సులాడేవోరట. ఈ రాళ్ళు మోసినోళ్ళు ఎక్కడ పడుకున్నారని ఒక్క టూరిస్టు అడగడు బావూ. పదిహేనేళ్ళై సూస్తన్నాను.”

రాళ్ళు మోసినవాళ్ళెవరో చరిత్ర చెబుతోంది. 1857 తిరుగుబాటు అణిచేశాక, మరుసటి ఏడాది మార్చి 10న దాదాపు 200 మంది ఖైదీలతో మొదటి ఓడ ఈ దీవులకి చేరింది. కాళ్ళకి ఇనప బేడీలతో అడవి నరికినవాళ్ళు, రాయి కొట్టినవాళ్ళు, దొరలకి ఆ బాల్‌రూమ్ కట్టిపెట్టినవాళ్ళు అలా వచ్చిన ఖైదీలే. జబ్బులతో, దెబ్బలతో, ఉరికంబాల మీద ఎంతమంది పోయారో!

*ఎదురొడ్డున ఏడు రెక్కలు*

జెట్టీ పక్కకొచ్చి నిలబడితే నీళ్ళకి అవతల, గట్టు మీద, సెల్యులార్ జైలు కనిపిస్తుంది. 1896లో మొదలెట్టి 1906లో ముగించారు. సైకిలు చక్రం పుల్లల్లా మధ్యలో బురుజు, చుట్టూ ఏడు రెక్కలు, 693 గదులు. ఒక రెక్కలోని ఖైదీకి ఎదుటి రెక్క వీపే కనిపించేలా కట్టారు. మనిషి మొహం మనిషికి కనబడకూడదు, అదీ వాళ్ళ లెక్క. ఇప్పుడు మిగిలింది మూడు రెక్కలే.

మీరు 1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’ చూసే ఉంటారు. కృష్ణ నూరవ చిత్రం. అందులో అగ్గిరాజు గుర్తున్నాడా? అసలు అగ్గిరాజుని పట్టుకుని అండమాన్‌కే పంపారు. గాం గంటందొర తమ్ముడు మల్లుదొరకీ అండమాన్ శిక్షే పడింది. ఆయన మాత్రం తిరిగొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. సినిమా రాజుగారితోనే ముగుస్తుంది. ఈ కథ సముద్రం దాటి ఇక్కడిదాకా వచ్చిందని ఎవరూ తెరమీద చూపించలేదు. ఏ దర్శకుడికైనా మనసు పుడితే బావుణ్ణు.

గైడన్నకి అగ్గిరాజు తెలుసు. మందస గున్నమ్మ తెలీదు. నేనే చెప్పాను. 1940 ఏప్రిల్ 1న, మా మందస జమీందారీలో గుడారి రాజమణిపురం దగ్గర, అడవి మీద హక్కు కోసం రైతులు ఎదురు తిరిగినప్పుడు పోలీసు కాల్పుల్లో నేలకొరిగిన నిండు చూలాలు ఆమె. అతను కాసేపు మాట్లాడలేదు. “మనూర్లో ఇంత జరిగిందేటి!” అన్నాడు ఆఖరికి. ఆ తర్వాత రోజంతా లెక్క తారుమారైంది. అతను ఒక సంగతి చెబితే నేను ఒకటి చెప్పాలి. డబ్బిచ్చింది నేను, గైడు పని చేసింది ఇద్దరం!

*ఇరవై రూపాయల సీను*

మధ్యాహ్నానికి బోటు నార్త్ బేకి తిప్పాం. మీ ఇంట్లో పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు ఎక్కడైనా దాగి ఉంటే బయటికి తీయండి. వెనకవైపు కొబ్బరి చెట్లూ, సముద్రమూ, దీపస్తంభమూ ఉంటాయి. ఆ బొమ్మ ఇక్కడిదే! కొండ మీంచి చూస్తే ఇలా కనబడుతుంది. ఆ కొండని మౌంట్ హారియట్ అనేవారు, 2021లో మౌంట్ మణిపూర్ అని మార్చారు. దాని పాదం దగ్గరే 1872 ఫిబ్రవరి 8న వైస్రాయి లార్డ్ మేయోని షేర్ అలీ అనే ఖైదీ కత్తితో పొడిచి చంపాడు. నోటు మీద అది కనిపించదు లెండి.

ఇక్కడ నీళ్ళ కింద పగడాలున్నాయి. అడుగున అద్దం బిగించిన పడవలో కూర్చుని చూడొచ్చు. మొహానికి కళ్ళద్దాలు, నోట్లో గొట్టం పెట్టుకుని నీళ్ళమీద తేలుతూ కూడా చూడొచ్చు. నేను రెండోదానికి దిగాను. (మా అమ్మకి చెప్పకండి.) పసుపు చారల చేపలు మోచేతిని రాసుకుంటూ పోయాయి. ఒక్క నిమిషం అక్కినేని, వాణిశ్రీ, జైలు, భూకంపం అన్నీ మరిచిపోయాను. ఏ మాటకామాటే చెప్పుకోవాలి... అందం అందమే.

“ముట్టుకోకండి బావూ, అది రాయి కాదు, పేనం ఉన్నాది” అని పైనుంచి గైడన్న కేక. పగడపు ముక్క గుర్తుగా జేబులో వేసుకుందామని ఎవరూ అనుకోకండి, చట్టం ఒప్పుకోదు. అన్నట్టు ఇంకొకటి. ‘అడవి మనుషుల్ని చూపిస్తాం రండి’ అని ఎవరైనా చెవిలో ఊదితే ఆ మనిషికి దణ్ణం పెట్టి వచ్చేయండి. జరావాలను ఫొటో తీయడం నేరం. వాళ్ళు జంతు ప్రదర్శనశాలలో ఉన్నవాళ్ళు కారు. ఒళ్ళంతా మసి పూసి, ఆకులు కట్టి, ‘జుంబారే’ అని గంతులేయించి మన సినిమాలు వాళ్ళకి చేసిన అన్యాయం చాలు.

*టూరింగ్ టాకీసు చేసిన పని*

ఒడ్డున పాకలో వేపుడు చేపా అన్నం తింటూ అడిగాను. “అండమాన్ అమ్మాయి షూటింగు ఎక్కడ తీశారో చూపిస్తావా అన్నా?”

అతను చెయ్యి కడుక్కుని తీరిగ్గా అన్నాడు. “నాకు తెల్దు బావూ. శానామంది పెద్దోళ్ళు అడుగుతారు. కొందరు గైడులు ఏ సెట్టు దొరికితే ఆ సెట్టు సూపించి ఇక్కడే వాణిశ్రీ పాట అంతారు. ఆళ్ళూ కుశీ, ఈళ్ళూ కుశీ. నాను సెప్పలేను. ఆ సినిమా మీద అబద్ధమాడితే మా అయ్య ఒప్పుకోడు.”

అప్పుడొచ్చింది అసలు కథ.

వాళ్ళ అయ్యకి అప్పుడు ఇరవై ఏళ్ళు. మందస దగ్గరి పల్లెలో జీడి పిక్కలు ఏరే కూలి. ఆ వేసవిలో టూరింగ్ టాకీసులో ‘అండమాన్ అమ్మాయి’ వేశారు. నేల టిక్కెట్టు కొని మూడుసార్లు చూశాడు. సముద్రానికి అవతలి ఒడ్డు ఇదేనని ఎవరో చెప్పారు. అంత అందమైన చోట పని దొరక్కపోతుందా అనుకున్నాడు. ఊరి తాపీ మేస్త్రీ ఒకాయన అప్పటికే అక్కడున్నాడు. ఎవరికీ చెప్పకుండా విశాఖ పోయి ఓడెక్కాడు.

దిగాక దొరికింది సిమెంటు మూటల పని. రేవులో నలభై ఏళ్ళు. వాణిశ్రీ పరిగెత్తినంత ఇసుక ఎక్కడుందో వెతికే తీరికే దొరకలేదు. పెళ్ళికి ఒకసారి ఊరు వెళ్ళాడు. తల్లి పోయిందని టెలిగ్రాం వస్తే రెండోసారి వెళ్ళాడు. ఓడ దొరికి చేరేసరికి పదో రోజు కూడా అయిపోయింది. ఆ తర్వాత మళ్ళీ వెళ్ళలేదు. కొడుకు గైడయ్యాక తండ్రిని ఒక రోజు ఇలాగే బోటెక్కించి రాస్ దీవి, నార్త్ బే చూపించాడట.

“ఏమన్నాడు?”

“ఏటీ అన్నేదు. సాయంత్రం దాకా సూసి, ‘సినిమాలో ఇంకా బాగున్నాది’ అన్నాడు.”

నేను పగలబడి నవ్వాను. అతనూ నవ్వాడు. నవ్వు ఆగాక అసలు విషయం బయటికి తీశాడు. ఊళ్ళో తండ్రి వాటాకి కొంచెం కొబ్బరి తోట ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఆ చెట్లన్నిటినీ కూల్చేసింది. చిన్నాయన మళ్ళీ మొక్కలు నాటాడు. ఇప్పుడు అమ్మేద్దాం, సంతకం పెట్టడానికి రమ్మంటున్నాడు. తండ్రి మాత్రం అమ్మడానికి కాదు, అక్కడే ఉండిపోవడానికి వెళతానంటున్నాడు. కొడుక్కి అదీ భయం.

“ఫోన్లో అన్నీ సూస్తన్నాను బావూ. ఉద్దానం అని కొడితే సాలు, కిడ్నీ జబ్బే వస్తాది. అక్కడి నీళ్ళు తాగితే ఏటవుతాదో! మీరు ఆ నీళ్ళు తాగే మనిషి. నిజం సెప్పండి.”

పొద్దుటి నుంచీ ఎన్నో ప్రశ్నలు అడిగింది నేను. అతను అడిగిన ఈ ఒక్కదానికి జవాబు చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. జబ్బు నిజం. మా వీధిలోనే డయాలసిస్‌కి వెళ్ళే వాళ్ళున్నారు. ఎన్నో పరిశోధనలు జరిగినా దీనికి కారణం ఇదొక్కటే అని ఇంకా తేల్చలేదు. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీళ్ళని శుద్ధి చేసి గొట్టాల్లో ఉద్దానం ఊళ్ళకి తెచ్చే పథకం 700 కోట్లతో కట్టారు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరిచారు. ఇంతకు ముందు విశాఖ పరిగెత్తే వాళ్ళకి ఇప్పుడు పలాసే దగ్గర. భయం పోయిందని చెప్పలేను, ఊరు ఖాళీ అయిందని కూడా చెప్పలేను. తిత్లీకి పడిపోయిన చోట నాటిన కొబ్బరి ఇప్పుడు కాపుకొస్తోంది, అది మాత్రం కళ్ళారా చూశాను.

అతను అంతా విన్నాడు. “ఒక రోజు టూరు, మందస. మీరు గైడు. ఏటేటి సూపిస్తారు?” అన్నాడు.

వాసుదేవ పెరుమాళ్ గుడి, మహేంద్రగిరి, గున్నమ్మ ఊరు, వేడి వేడి కోవా, బారువ తీరం... చలికాలమైతే తేలినీలాపురంలో చింత చెట్ల మీద గూళ్ళు కట్టే విదేశీ కొంగలు... చెబుతూ పోతుంటే నాకే ఉత్సాహం వచ్చింది. మాకు బోట్లు లేవు, బ్యాటరీ బళ్ళు లేవు, టిక్కెట్టు కౌంటరు లేదు. చూసే వాళ్ళు కూడా పెద్దగా రారు. వాళ్ళ సముద్రానికి వెయ్యి కిలోమీటర్ల అవతల అదే సముద్రం ఊరికే పడి ఉంది.

*ఫోన్లో అయ్య*

తిరుగు ప్రయాణంలో బోటు సగం దూరం వచ్చేసరికి సిగ్నల్ దొరికింది. గైడన్న ఇంటికి ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు. “మా అయ్యతో మాట్లాడండి. మందస మనిషంటే ఇంటాడు.”

“బాబాయ్, నమస్కారం. మాది మందస” అన్నాను.

అవతలి నుంచి ముసలి గొంతు. ఆరోగ్యం అడగలేదు, నీళ్ళ సంగతి అడగలేదు, తోట ఊసే ఎత్తలేదు. “బావూ, టూరింగు టాకీసు ఇంకా ఉన్నాదా?”

“లేదు బాబాయ్. ఎప్పుడో ఎత్తేశారు. సినిమాకి పలాస పోతున్నాం.”

“ఊఁ” అని కాసేపు ఆగాడు. “నాగేశ్రావు మనవడు మన ఏటకెల్లే వోళ్ళ సినిమా సేసినాడట గదా?”

‘తండేల్’ గురించి అడుగుతున్నాడు. నాగచైతన్య, సాయిపల్లవి నటించగా చందూ మొండేటి తీసిన చిత్రం, 2025 ఫిబ్రవరిలో వచ్చింది. మన జిల్లా మత్స్యకారులు గుజరాత్‌కి వేటకి పోయి, 2018 నవంబరులో పాకిస్తాన్ వాళ్ళ చేతికి చిక్కి, 2020 జనవరిలో విడుదలయ్యారు. ఆ ఉదంతమే సినిమాకి ఆధారం. తాత సినిమా చూసి సముద్రం దాటిన మనిషి మనవడి సినిమా గురించి అడుగుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది.

“అవును బాబాయ్. చూడలేదా?”

“మావోడు ఫోన్లో ఎట్టిస్తానంతాడు. ఆ సిన్న అద్దంలో నాను సూడను బావూ. పెద్ద తెర మీదయితే సూస్తాను... ఆ కుర్రోడు ఆకర్న ఎనక్కి వొచ్చీసినాడా?”

“వచ్చేశాడు బాబాయ్.”

గాలి హోరు. ఫోన్ పోయిందేమో అనుకుని హలో హలో అన్నాను.

“ఉన్నాను, ఉన్నాను. మరయితే మావోడికి సెప్పు, టిక్కట్టు తియ్యమని. నాను సెప్తే ఇనడు.”

ఫోన్ అతనికి ఇచ్చేశాను. తండ్రీ కొడుకులు చాలాసేపు వాదించుకున్నారు. ఒడ్డు చేరాక గైడన్న ముందు నా లెక్క తేల్చాడు. సొంతూరి వాడినని ఒక్క రూపాయి తగ్గించలేదు, రసీదు రాసి ఇచ్చాడు. తర్వాత విశాఖ ఓడ ఎప్పుడుందో కనుక్కోవడానికి జెట్టీ మీద ఎవరినో కేకేశాడు. విమానంలో అయితే రెండు గంటలే కదా అన్నాను.

“మా అయ్య ఇమానం ఎక్కడంట బావూ. వొచ్చింది ఓడ మీద, ఎల్లేదీ ఓడ మీదేనంట” అని, వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ, “మరి అయ్యకీ, అమ్మకీ, నాకూ... మూడు టిక్కట్లు” అన్నాడు.